మస్తానమ్మ ముక్కులో నా కాపురం

నేను ఒక ఫ్లూ వైరస్‌ని. కుర్చీ వెనక్కి జరుపుకోనక్కర్లేదు. కాగితం మీద నుంచి ఎగిరొచ్చి ముక్కులో దూరే విద్య నాకింకా పట్టుబడలేదు. నన్ను ప్రాణి అనాలో వస్తువు అనాలో మీ చదువుకున్నవాళ్ళే తేల్చుకోలేక జుట్లు పట్టుకుంటున్నారు. నాకు తిండి లేదు, నిద్ర లేదు, కాళ్ళూ రెక్కలూ అసలే లేవు. ఒక ముక్కులోంచి బయటపడ్డాక ఇంకో ముక్కు దొరికేదాకా నాకూ గోడమీది సున్నానికీ తేడా ఏమీ ఉండదు. కాబట్టి వస్తువు కిందే జమకట్టుకోండి. కుర్చీలూ గడియారాలూ ఆత్మకథలు చెప్పుకోగా లేంది, నేను చెప్పుకుంటే తప్పొచ్చిందా?

ఒక్క చిక్కుంది. నేను అంటే ఒక్కణ్ణి కాదు. పొద్దున ఒక్కడిగా ముక్కులోకి వెళ్తే మర్నాటికి లక్షలమందినై కూర్చుంటాను. అందులో అసలెవరో నకలెవరో నాకే తెలీదు. అందుకని అందరినీ కలిపి నేను అనే అంటాను. మీరూ పట్టించుకోకండి.

నా ఒంటిమీద ఒక జిడ్డు కోటు ఉంటుంది. అది నా సొంతం కాదు, పుట్టిన ఇంట్లోంచి బయటికొస్తూ కొట్టేసింది. జిడ్డు కదా, సబ్బు తగిలితే కరిగిపోతుంది. అందుకే సబ్బుబిళ్ళ పేరెత్తితే నాకు వణుకు. కోటుమీద రెండు రకాల సామాన్లు గుచ్చుకుని తిరుగుతాను. ఒకటి మీ ఒంటి కణాల తలుపులు తెరిచే దొంగ తాళంచెవి. రెండోది పని అయ్యాక తప్పించుకోవడానికి కత్తెర. లోపల ఎనిమిది పేలికలు. వాటిమీద రాసి ఉన్నదంతా ఒకటే సంగతి: నన్ను మళ్ళీ ఎట్లా తయారుచెయ్యాలి అని. ఇంత స్వార్థంగా బతికేవాడు మీలో లేడని నేననను.

ఈ విడత నేను పుట్టింది చెంగయ్య గొంతులో. చెంగయ్యది పెళ్ళి సంబంధాలు కుదిర్చే వృత్తి. కావలి నుంచి కందుకూరు దాకా పెళ్ళీడు పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఆయనకో కుర్చీ, ఓ కాఫీ ఖాయం. నాబోటివాడికి ఇంతకన్నా మంచి రథం దొరుకుతుందా? పైగా ఆయనకు నశ్యం అలవాటు. ఎన్నిసార్లు తుమ్మినా "చెంగయ్యది నశ్యం తుమ్ములే" అని కొట్టిపారేస్తారు. ఆ శుక్రవారం ఆయన తుమ్మినవన్నీ నా తుమ్ములు. పేరు మాత్రం పొడుం డబ్బీకి పోయింది. పుట్టీ పుట్టకముందే నాకిట్లా అన్యాయం జరిగింది.

తుమ్ము మీకు అవస్థేమోగానీ నాకు విమానం. కంటికి కనపడని నీటితుంపర మీద ఎక్కి కూర్చుంటాను. బరువు తుంపరలు మనిషికి మనిషికి మధ్య నాలుగడుగులు వెళ్ళి కిందపడతాయి. తేలికవి తలుపులు మూసిన గదిలో చాలాసేపు తేలుతూ ఉంటాయి. నేను ఎక్కింది బరువుది. అది వెళ్ళి చెంగయ్య చేతిరుమాల్లో పడింది. అయిపోయింది నా బతుకు అనుకున్నాను. కానీ చెంగయ్య అదే రుమాలుతో పెళ్ళికూతురి ఫోటోను, ప్లాస్టిక్ తొడుగేసినదాన్ని, శుభ్రంగా తుడిచి మస్తానమ్మ చేతికిచ్చాడు. ఆయన చేసిన శుభ్రతకు నేను చచ్చేదాకా రుణపడి ఉంటాను.

మస్తానమ్మ గురించి చెప్పాలి. ఆమె పెంచలయ్యకు మేనత్త. తల్లి పోయిన పిల్లవాణ్ణి ఒళ్ళోకి తీసుకుని, తన పెళ్ళి సంగతి తనే మర్చిపోయి, వాణ్ణి ముప్పైమూడేళ్ళవాణ్ణి చేసింది. పెంచలయ్యకు కావలి బస్టాండు ఎదురుగా మిక్సీలు బాగుచేసే కొట్టుంది. మొరాయించిన మిక్సీని చెవి దగ్గర పెట్టుకుని దాని జబ్బేమిటో చెప్పేస్తాడు. ఎదురుగా ఆడపిల్ల కూర్చుంటే మాత్రం తన పేరు తనకు గుర్తుండదు. అందుకని పెళ్ళిచూపుల్లో మాటలన్నీ మస్తానమ్మవే. అక్కడే వస్తుంది తంటా. బజ్జీలు తినేదాకా బాగానే ఉంటుంది. కాఫీ రాగానే గొంతు సవరించుకుని పిల్ల వంక చూసి అడుగుతుంది: "ఇదిగో అమ్మాయ్, రేపు నువ్వొచ్చి మావోణ్ణి మాకు కాకుండా చెయ్యవని ఏంది గ్యారంటీ?" అంతే. కప్పులు ఖాళీ అవకముందే సంబంధం ఖాళీ. ఇట్లా పోయిన సంబంధాలు లెక్కపెట్టడానికి రెండు చేతుల వేళ్ళు చాలవు.

"అమ్మా, ఇదే ఆఖరు సంబంధం. ఇది పోతే ఇంక నీ గడప తొక్కను. కందుకూరు పిల్ల, హైమవతి. హైస్కూల్లో ఆటలు నేర్పే టీచరు. ఈసారన్నా ఆ ప్రశ్న అడగబాక తల్లీ" అని చెంగయ్య దండం పెట్టాడు.

మస్తానమ్మ ఆ మాట వినిపించుకోలేదు. చూపు ఆనక ఫోటోను ముక్కుకు ఆనించుకుని చూస్తోంది. చూసి చూసి కళ్ళు నులుముకుంది. మనిషి తన చేత్తో తన మొహాన్ని ఎన్నిసార్లు తడుముకుంటాడో మీకు తెలిస్తే మీరే నవ్వుతారు. నా వంశం నిలబడింది ఆ అలవాటు మీదే. కంట్లోంచి ముక్కులోకి సన్నని కాలువ ఒకటుంటుంది. జారుకుంటూ దిగి ఆమె ముక్కులో కాపురం పెట్టాను.

ముక్కులో మొదట జిగురు. ఆ కింద కనపడని చీపుళ్ళు పట్టుకుని ఊడ్చేవాళ్ళు. వాళ్ళను తప్పించుకుని ఒక కణం తలుపు దగ్గర తాళంచెవి పెట్టాను. పాపం, అది చుట్టాలెవరో వచ్చారనుకుని లోపలికి పిల్చి కూర్చోబెట్టింది. నా పేలికలు విప్పి చూపించాను. రాసి ఉన్నది రాసినట్టు చెయ్యడం తప్ప కణానికి ఎదురు ప్రశ్న తెలీదు. తన పనులన్నీ మానుకుని పూటలో నా నకళ్ళు వేలకొద్దీ చేసిపెట్టింది. కత్తెరతో కత్తిరించుకుని బయటపడి అందరం పక్కిళ్ళ తలుపులు తట్టాం. శనివారానికల్లా మస్తానమ్మ గొంతంతా మా వీధే. ఆమెకు మాత్రం ఏమీ తెలీదు. ఒళ్ళు వెచ్చబడక ముందే, తుమ్ము రాకముందే, ఊపిరితో నేను బయటికి పోతుంటాను. మీరు మమ్మల్ని పట్టుకోలేకపోయేది అక్కడే.

ఆదివారం ప్రయాణం. కారు బాడుగకు మాట్లాడారు. మస్తానమ్మ పట్టుచీర కట్టి, కుడికాలు గడప దాటించింది. "హాచ్చి!" అని తుమ్మింది.

చెంగయ్య ఆగిపోయాడు. పెంచలయ్య ఆగిపోయాడు. కారు డ్రైవరు ఇంజను ఆపేశాడు. బయల్దేరేటప్పుడు ఒంటి తుమ్ము తుమ్మితే వెనక్కొచ్చి కూర్చుని, నీళ్ళు తాగి, కాసేపాగి మళ్ళీ బయల్దేరాలి. ఇది మీ ఆచారం. దీన్ని కనిపెట్టిన మహానుభావుడెవరో తెలిస్తే గుడి కట్టిద్దును. తుమ్మిన మనిషితో కలిసి, తుమ్మిన గదిలో, తలుపులు వేసుకుని కూర్చోమని నేను చెప్పినా మీరు వినేవాళ్ళు కాదు కదా!

ఆ ఆచారంలో ఒక మినహాయింపుంది. జలుబు చేసినవాళ్ళ తుమ్ము శకునం లెక్కలోకి రాదు. పెంచలయ్యకు అది గుర్తొచ్చింది.

"అత్తా, నీకు రొంప పట్టినట్టుండాదే. రొంప తుమ్ము లెక్క లేదంట గదా, పోదాం పా" అన్నాడు.

"నాకా? రొంపా? నా జన్మలో రాలా. ఇది అసలు సిసలు తుమ్ము. కూర్చోండి అందురూ."

కూర్చున్నారు. మంచుగాలి కొడుతోందని కిటికీలు మూశారు. ఒకే చెంబులో నీళ్ళు చేతులు మారాయి. నేను గదంతా తేలుతూ తీరిగ్గా ఒక్కొక్కరి మొహం చూసుకున్నాను. మళ్ళీ లేచారు, మళ్ళీ తుమ్మింది. మళ్ళీ కూర్చున్నారు. చివరికి చెంగయ్యే ఉపాయం పన్నాడు. రెండు తుమ్ములొస్తే దోషం పోతుంది కాబట్టి, ఆమె ఈసారి తుమ్మగానే ఒక చిటికెడు నశ్యం ముక్కు కింద పెట్టాడు. రెండోది కూడా ధడేలుమని వచ్చింది. శుభం అని అందరూ కారెక్కి అద్దాలు ఎత్తుకున్నారు. కందుకూరు వచ్చేసరికి పెంచలయ్య ముక్కులో నా కొత్త కాపురం మొదలైపోయింది.

హైమ తండ్రి మాలకొండయ్యది పొగాకు వ్యాపారం. శకునాల్లో ఆయన మస్తానమ్మకు పెద్దన్న. పిల్లి అడ్డమొస్తే బేరం మానుకునే రకం. బజ్జీలు వచ్చాయి, మైసూర్‌పాక్ వచ్చింది, హైమ కాఫీలు తెచ్చి ఎదురుగా కూర్చుంది. గ్రౌండ్లో అరిచి అరిచి ఆ పిల్లది గట్టి గొంతు. ఇంట్లో మాట్లాడినా వీధి చివరికి వినపడుతుంది.

కాఫీ అయింది. మస్తానమ్మ గొంతు సవరించుకుంది. చెంగయ్య కళ్ళు మూసుకున్నాడు. పెంచలయ్య నేల వంక చూశాడు. ఆమె హైమ వైపు వేలు చూపించి నోరు తెరిచింది.

"ఇది... హ్... మా... స్స్..."

గాలి తప్ప ఏమీ రాలేదు. వస్తుందా? రెండు రోజులుగా ఆ గొంతులో నేను తొక్కని చోటు లేదు. అంతా వాచిపోయింది. ఆమె మళ్ళీ ప్రయత్నించింది. సైకిల్ ట్యూబులో గాలి పోయిన చప్పుడొచ్చింది. వేలు మాత్రం అట్లాగే గాల్లో ఉండిపోయింది. మాలకొండయ్య భార్యతో మెల్లగా అన్నాడు: "చూసినావా, ఎంత నెమ్మదస్తురాలో! ఆశీర్వాదం కూడా నోట్లోనే చెప్పుకుంటా ఉండాది."

మాట్లాడే మనిషి మూగబోయింది, మిగిలినవాడు పుట్టు మూగ లెక్క. హైమ కాసేపు ఓపిక పట్టింది.

"ఏమండీ, మీరన్నా మాట్లాడతారా? ఈల ఊదమంటారా?"

పెంచలయ్య చెమటలు తుడుచుకుని తలెత్తాడు. పైన ఫ్యాను చూశాడు. ప్రాణం లేచొచ్చింది. "ఆ ఫ్యాను... కెపాసిటర్ పోయిందండీ. అందుకే అట్టా ఈదలేక ఈదుతా ఉండాది. కొట్టు నుంచి తెచ్చి మార్చేదా?"

హైమ పకపకా నవ్వింది. "మూడేళ్ళ నుంచీ చెప్తా ఉండా నాయనకు. ఇనే దిక్కే లేదు" అంది. ఇద్దరూ ఫ్యాను గురించి, తర్వాత మిక్సీ గురించి, తర్వాత స్కూల్లో వాలీబాల్ వల గురించి మాట్లాడుకున్నారు. పెంచలయ్య అన్ని మాటలు ఒక్కరోజులో మాట్లాడటం కావలిలో ఎవరూ చూసి ఉండరు. నా వల్లే. కానీ ఎవరైనా ఒక్క మాట మెచ్చుకున్నారా? లేదు. నేనూ నా పని చూసుకున్నాను. మస్తానమ్మ ఆయాసంగా వదిలిన ప్రతి ఊపిరితోనూ ఆ ఇంటి మూడు ముక్కులూ పంచుకున్నాను.

మంగళవారానికి రెండిళ్ళలోనూ మంచాలు వాల్చారు. జ్వరం నేను తెచ్చానంటారు. అబద్ధం. నన్ను ఉడకబెట్టడానికి మీ ఒళ్ళే పొయ్యి ముట్టించుకుంటుంది. ఒళ్ళునొప్పులు కూడా నా మీదికి పంపిన మీ పోలీసుల లాఠీచార్జీయే. ఏదేమైనా మస్తానమ్మ పడుకున్న మంచం దిగలేదు. ఆ వయసువాళ్ళలో నేను ఛాతీలోకి దిగితే ప్రాణాల మీదికొస్తుంది. ఏటేటా ఆ పని చేస్తూనే ఉన్నాను. దాని గురించి మాత్రం నేను జోకులెయ్యను. పెంచలయ్య తన జ్వరంతోనే అత్తను డాక్టరుకు చూపించి, మందులు వేళకు వేసి, పక్కనే కూర్చున్నాడు.

ఇంతలో మాలకొండయ్య చెంగయ్యకు ఫోన్ చేశాడు. చెంగయ్య దుప్పటి కిందనుంచి విన్నాడు. "వాళ్ళు కాలు పెట్టినారో లేదో ఇల్లంతా మంచాన పడింది. అపశకునం సంబంధం. మాకొద్దని చెప్పెయ్" అన్నాడాయన. ఆ కబురు కావలి వచ్చింది. వస్తే మస్తానమ్మకు కోపం రావాలా? పరమానందమైంది. తనూ సరిగ్గా అదే అనుకుంటోంది, ఆ పిల్లను చూసొచ్చినప్పటి నుంచే జ్వరమని. గొంతు లేదు కాబట్టి అరచెయ్యి అడ్డంగా ఊపింది. వద్దు అని.

పెంచలయ్య వెళ్ళి వంటింట్లో బాగానే ఉన్న మిక్సీని ఊడదీసి మళ్ళీ బిగించాడు. నాకు నోరుంటే అరిచేవాణ్ణి. ఒరే మనుషులూ, అది శకునం కాదురా, నేను! ఇన్ని కోట్లమంది ఇంత కష్టపడి చేసిన పనిని ఒక కాలు మోపిన వేళకు అంటగడతారా? ఇంత అవమానం నాకు సబ్బు దగ్గర కూడా జరగలేదు.

సాయంత్రం పెంచలయ్యకు ఫోనొచ్చింది. అవతల ఎవరో బొంగురుగా మాట్లాడుతున్నారు.

"నేను హైమని. మీరనేది నాకేం ఇనపళ్ళా."

"నేనింకా ఏమీ అన్లేదండీ."

"అయితే అనండి. మా నాయన వద్దన్నాడని ఊరుకుంటారా?"

పెంచలయ్యకు గొంతు పూడుకుపోయింది. సగం నా వల్ల, సగం దుఃఖం వల్ల. "మా అత్త కూడా వద్దంటా ఉండాదండీ. మీ కాలు మంచిది కాదని."

"నా కాలు మీ ఇంటికి రానేలేదు గదా! మీరే మా ఇంటికొచ్చింది. ముందు మీకు రొంప తెచ్చిందెవురు? చెంగయ్య. ఆయన తుమ్మినాడా, ఆయన రుమాల్తో తుడిచి నా ఫోటో ఇచ్చినాడా? మా ఇంట్లో కూడా అట్టనే తుడిచి మీ ఫోటో ఇచ్చినాడు. రొంపకు శకునమేంది? మీ అత్తకిప్పుడెట్టా ఉండాది?"

ప్రపంచంలో మొదటిసారి ఒక మనిషి నా పని నాకు జమకట్టింది. ఆ పిల్లను కౌగిలించుకోవాలనిపించింది. అప్పటికే ఆమె గొంతులోనే ఉన్నానులెండి.

వారం తిరిగేసరికి కుర్రవాళ్ళిద్దరూ లేచి తిరుగుతున్నారు. మస్తానమ్మకు జ్వరం పోయిందిగానీ గొంతు రాలేదు, నీరసం పోలేదు. ఆ రోజు పదకొండు గంటల బస్సు దిగి, తండ్రికి చెప్పకుండా, మొహానికి మాస్కు పెట్టుకుని, చేతిలో క్యారియర్ పట్టుకుని హైమ ఆ ఇంటికొచ్చింది. పెళ్ళికాని పిల్ల పెళ్ళికొడుకు ఇంటికి తనంతట తను రావడమా! వీధిలో ఇద్దరు కిటికీలు తెరిచారు. పెంచలయ్య కుర్చీ వెయ్యడం మర్చిపోయి ఫ్యాను వేశాడు.

ఆ వేళకు మస్తానమ్మ ముక్కులో నేను లేను. ఆమె ఒంట్లోని పోలీసులు నా మొహం గుర్తుపట్టి ఇల్లిల్లూ వెతికి ఏరేశారు. ఆ పొద్దున ఆఖరి దగ్గులో ఊడిపడి, మంచం పక్క స్టీలు గ్లాసు అంచున మిగిలాను. అక్కణ్ణుంచే చూస్తున్నాను.

హైమ మిరియాల చారు అన్నంలో కలిపింది. మస్తానమ్మ మొహం గోడవైపు తిప్పుకుంది. హైమ గోడవైపు వెళ్ళి కూర్చుంది. ముద్ద పెట్టింది. మస్తానమ్మ మింగింది. ఇంకో ముద్ద పెట్టింది.

"మీరేదో అడగబోయినారు ఆ రోజు. మీవోణ్ణి మీకు కాకుండా చేస్తానా అని. చెంగయ్య చెప్పినాడు" అంది హైమ. "నాకు తెలవదమ్మా. గ్యారంటీలు ఇయ్యడం నాకు రాదు. కానీ మా ఇంట్లో నాతో మాట్లాడేవాళ్ళు లేరు. మా నాయనకు శకునాలు తప్ప ఏం పట్టవు, మా అమ్మ నోరెత్తదు. మీకు గొంతొచ్చినాక మీతో పోట్లాడాలని నాకు మనసుగా ఉండాది. మీరొద్దంటే ఇంక రాను."

మస్తానమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నోరు తెరిచింది. గాలి వచ్చింది. హైమకు ఆ గాలి అర్థం కాలేదు. క్యారియర్ గిన్నెలు సర్దుకుని, మాస్కు సరిచేసుకుని లేచింది. చెప్పులేసుకుంది.

"వస్తానమ్మా. ఒళ్ళు జాగ్రత్త."

పెంచలయ్య స్తంభానికి ఆనుకుని నిలబడిపోయాడు. హైమ కుడికాలు గడప దాటింది.

"హాచ్చి!"

హైమ ఆగింది. పెంచలయ్య వెనక్కి, మంచం వైపు తిరిగాడు. "అత్తా, రొంప తుమ్ము లెక్క లేదు గదా" అన్నాడు, అన్నాక నాలిక్కరుచుకున్నాడు.

మస్తానమ్మ వాడి వంక కొరకొరా చూసింది. ముక్కుమీద వేలేసి చూపించింది. పొడి ముక్కు. జలుబు పోయింది, కాబట్టి ఇది లెక్కలోకి వస్తుందని అర్థం. తర్వాత అదే వేలు కుర్చీ వైపు తిప్పింది.

హైమ చెప్పులు విప్పి లోపలికొచ్చి కూర్చుంది. పెంచలయ్య చెంబుతో నీళ్ళు తెచ్చాడు. ఆ పిల్ల తాగి చెంబు కింద పెట్టగానే మస్తానమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది, వదలలేదు.

"ఎంతసేపు కూర్చోవాలమ్మా?" అని అడిగింది హైమ.

మస్తానమ్మ గొంతులో ఏదో గరగరలాడింది. వారం రోజుల తర్వాత మొదటి మాట తుప్పు పట్టిన తలుపులా తెరుచుకుని వచ్చింది.

"ముహూర్తం పెట్టిందాక."

నేను పుట్టింది తుమ్ముల్లో, పెరిగింది తుమ్ముల్లో. నిజం తుమ్ముకు రెండు కళ్ళూ మూతపడతాయి. ఆ తుమ్ముకు మస్తానమ్మ ఒక కన్ను తెరిచి గడప వైపే చూస్తోంది. గ్లాసు అంచున ఎండిపోతూ కూడా ఒట్టేసి చెప్తున్నాను, ఆ ఒక్క తుమ్ము నాది కాదు.